మారు వడ్డన

మా ఇంట్లో ఒకసారి భోంచేసినవాళ్లు నా వడ్డన గురించి పదిమందికి చెబుతారు. కంచంలో అడుగు కనిపించేలోపే గరిటె వచ్చేస్తుందని, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వేసేస్తుందని నవ్వుకుంటారు. కృష్ణా జిల్లా మర్యాద చూడాలంటే ఆ ఇంటికి వెళ్లాలని మా చర్చిలో ఒక పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను తల వంచుకున్నాను. అప్పటికి చాలా నెలలుగా ఒక మనిషికి నేను వడ్డిస్తున్నది మర్యాద కోసం కాదు. ఆ మనిషి రక్తంలో ఏం జరుగుతోందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. తెలియనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుని, ప్రతి ఆదివారం మారు వడ్డించాను.

ఆయన మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య. మా చుట్టాల్లో మొదటి డాక్టరు. పటమటలో క్లినిక్ ఉంది. మా వాళ్లలో ఎవరికి తుమ్మొచ్చినా, ఎవరికి కడుపు నొచ్చినా "మన డాక్టరు ఏమన్నాడు?" అన్నదే మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా అదే. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా జనం చేతులకు రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తున్నాను. గుణదలలో ఇల్లు. అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం ఉండేవాళ్లం. నా పెళ్లి ఎప్పుడో చెడింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. తమ్ముడు పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసే షెడ్డు వాడిది. సన్నగా, వెదురు కర్రలా ఉండేవాడు. పొట్ట మాత్రం కొంచెం ముందుకు వచ్చేది. "నాకున్న ఆస్తి ఇదొక్కటే అక్కా" అని దాన్నే నిమురుకునేవాడు.

మా వైపు షుగర్ పరీక్షకు ఎలా వెళతారో ముందు చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మావాళ్లు షుగర్ పరీక్షకు తయారవుతారు. పదో తరగతి పిల్లలైనా అంత శ్రద్ధగా చదవరు. రెండు రోజుల ముందు నుంచి అన్నం బందు. పొద్దున రాగిజావ, రాత్రి జొన్నరొట్టె. ఏడాదంతా గేటు దాటనివాళ్లు ఆ రెండు రోజులూ ఏలూరు కాలువ గట్టున చెమటలు కక్కుతూ నడుస్తారు. మూడో రోజు పొద్దున్నే పరగడుపున వచ్చి నా ముందు చెయ్యి చాపుతారు. మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది. "తొంభై ఎనిమిదంటండీ, పాసైపోయాను" అని ల్యాబ్ మెట్ల మీద నుంచే ఇంటికి ఫోన్ చేస్తారు. అటు నుంచి అటే టిఫిన్ హోటల్‌కి వెళ్లి నెయ్యి దోసె తింటారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, దాని ముందు ఈ రెండు రోజుల వేషాలు సాగవు. అది చేయించుకోండి అంటే మొహం చిట్లిస్తారు. ఒకావిడ నాతో అన్నది ఇంకా గుర్తుంది: "అది వద్దులేమ్మా, పాతవన్నీ తవ్వుద్దంటగా."

పాసైనవాళ్లను చూసి నేనూ నవ్వేదాన్ని. ఏ రోజూ ఒక్కరినీ ఆపి ఎవరిని మోసం చేస్తున్నారని అడగలేదు. ఉద్యోగం అలాంటిది, చెయ్యి చాపితే రక్తం తీయడమే.

మా ల్యాబ్‌లో ఒక పెద్ద మిషన్ ఉంది. అది పసిబిడ్డల కోసం తెప్పించింది. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద సూదితో గుచ్చి, రక్తపు చుక్కలు మందపాటి కాగితం మీద అద్ది, ఆరబెట్టి మాకు పంపుతారు. ఆ చుక్కలోంచి చిన్న బిళ్ల కత్తిరించి మేము అమైనో ఆమ్లాలు కొలుస్తాం. తిన్న పప్పో, గుడ్డో, మాంసమో కడుపులో విడిపోయాక మిగిలే చిన్న ముక్కలే ఈ అమైనో ఆమ్లాలు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల్లో బిడ్డ ఒళ్లు వీటిని వాడుకోలేదు, రక్తంలో పేరుకుపోతాయి. ముందే తెలిస్తే బిడ్డను కాపాడుకోవచ్చు.

ఒకరోజు టీ తాగుతూ మా ల్యాబ్ మేడమ్ చెప్పారు. ఈ ల్యూసిన్, వాలిన్, టైరోసిన్ లాంటివే పెద్దవాళ్లలో పరగడుపున కూడా ఎక్కువగా కనిపిస్తే, ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధకులు అంటున్నారట. చక్కెర ఇంకా మామూలుగా ఉన్నప్పుడే, ఏళ్ల ముందే ఇవి పెరుగుతాయట. గుండె జబ్బుకూ వీటికీ సంబంధం ఉందంటున్నారట. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, చక్కెర కంటే ముందు ఇవి నిలవ పడతాయి. నాకది వెంటనే అర్థమైంది. మా తాతల ఊళ్లో మురుగు కాలువలో గుర్రపుడెక్క మొక్క అడ్డం పడితే ముందు కాలువలో నీరు నిలిచేది, పొలం మునగడం తర్వాత. పొలం మునిగాక కాలువ చూడటానికి వెళ్లేవాణ్ణి ఊరంతా తిట్టేవాళ్లు.

"ఇది ఇంకా మామూలు పరీక్ష కాదు" అని మేడమ్ గట్టిగానే చెప్పారు. అయినా ఆవిడ ఒప్పుకున్నాక, కుతూహలం కొద్దీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లమంతా తలా ఒక చుక్క ఇచ్చుకున్నాం. నావి మధ్యస్థంగా వచ్చాయి. ఆ వారమే తమ్ముణ్ణి లాక్కొచ్చాను. మా నాన్న యాభై ఒకటో ఏట గుండె ఆగి పోయాడు. వాడికి ముప్పై తొమ్మిది. నా భయం నాది.

రక్తం తీసేటప్పుడు నేను అందరితోనూ ఒకే మాట అంటాను: "చీమ కుట్టినట్టుంటుందండీ, అంతే." కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్లైనా, కంకిపాడు నుంచి వచ్చిన రైతైనా అదే మాట. అలవాటు కొద్దీ వాడితోనూ అన్నాను.

"చీమ వచ్చిందంటే షుగరున్నట్టేగా అక్కా" అన్నాడు వాడు. పక్క కుర్చీలో ఉన్నాయన కూడా నవ్వాడు.

వాడి అంకెలు మా అందరికంటే చాలా ఎత్తున వచ్చాయి. మిషన్ తప్పేమోనని మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అంతే. మేడమ్ కాగితం చూసి, నాన్న సంగతి విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది చూసి జబ్బని చెప్పకూడదమ్మా. కానీ వదిలెయ్యకూడదు. చక్కెర నీళ్లు తాగించి చేసే పరీక్ష, మూడు నెలల సగటు, గుండె పరీక్ష, ఈ మూడూ చేయించండి. మీ అన్నయ్య డాక్టరేగా, చూపించండి" అన్నారు.

చూపించాను. ఆదివారం చర్చి నుంచి అన్నయ్య మా ఇంటికే భోజనానికి వచ్చాడు. పెద్దమ్మ పోయాక అది ఆయనకు అలవాటు. భోజనాలయ్యాక కాగితం చేతికిచ్చాను.

"ఇదేంటే?"

"తమ్ముడిది అన్నయ్యా. అమైనో యాసిడ్స్ చేశాం."

"ఎవరికి చేస్తారు ఈ టెస్టు?"

"మామూలుగా పసిపిల్లలకి. కానీ మా మేడమ్ ఏమన్నారంటే..."

మేడమ్ ఏమన్నారో చెప్పనివ్వలేదు. పగలబడి నవ్వాడు. "ముప్పై తొమ్మిదేళ్ల దున్నపోతుకి పసిపిల్లల టెస్టు చేశావా? ఇంకేం, ఉయ్యాల కూడా వేయించు. ఏరా, ఉగ్గు తాగుతావా?"

తమ్ముడు నవ్వాడు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వదలలేదు. మిగతా పరీక్షలైనా రాయమన్నాను.

"ఏం అక్కర్లేదు. పప్పు ఎక్కువ తిన్నాడేమో లేవే. అమైనో యాసిడ్లు పప్పులో కాక ఇంకెక్కడుంటయ్?"

"పరగడుపున తీశాను అన్నయ్యా. మూడుసార్లు వేశాను."

అప్పుడు నా భుజం తట్టి అన్నాడు: "చెల్లెమ్మా, నువ్వు రక్తం తియ్యి. చదవడానికి మేమున్నాం."

ఆ మాట ఇప్పటికీ కాలిన చోట బట్ట తగిలినట్టు మండుతుంది. ఇరవై రెండేళ్లుగా ఊరి రక్తమంతా నా చేతుల మీదుగా పోయింది. ఎవరి కాగితంలో ఏముందో చూడగానే నాకు తెలుస్తుంది. అయినా తల ఊపాను. అన్నయ్య కదా, డాక్టరు కదా. అప్పుడే కాగితం ఆయన మొహాన కొట్టి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోవాల్సింది. ఆ పని చేయలేదు. ఈ కథలో నా వంతు పాపం అది, దాచుకోను.

"పరగడుపు షుగర్ ఒకటి చేయించు చాలు" అన్నాడు వెళుతూ. ఇంకేముంది, తమ్ముడు తయారయ్యాడు. రెండు రోజులు అమ్మ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. వాడు కాలువ గట్టున నడిచాడు. మూడో రోజు నేనే రక్తం తీశాను. రొట్టెల సంగతి తెలిసీ తీశాను. తొంభై ఆరు. దాంతోపాటు ఒక చుక్క కాగితం మీద కూడా అద్ది మిషన్‌లో వేశాను. రెండు రోజుల రొట్టెకు చక్కెర లొంగింది. అమైనో ఆమ్లాలు లొంగలేదు. ఆ రెండో కాగితం ఎవరికీ చూపించలేదు. చూపిస్తే మళ్లీ ఉయ్యాల మాటే వస్తుందని నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం అమ్మ సేమ్యా పాయసం చేసింది. తమ్ముడు పాసయ్యాడని.

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఆటోనగర్ షెడ్డులో స్టూలు మీద కూర్చుని లారీ వెనక అక్షరాలు రాస్తున్నవాడు బ్రష్షు పట్టుకునే పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. నేను వెళ్లేసరికి వాడి వేళ్ల మీద పసుపు రంగు ఇంకా తడిగానే ఉంది. కిరసనాయిలు గుడ్డతో నేనే తుడిచాను. గోళ్ల సందుల్లో ఉన్నది పోలేదు.

ఆ పరీక్షలు చేయించి ఉంటే వాడు బతికేవాడని నేను ఒట్టేసి చెప్పలేను. మేడమ్ కూడా చెప్పలేదు. కానీ ముందే తెలుసుకునే దారి ఒకటి మాకు దొరికింది, దాన్ని నవ్వి మూసేశారు. నాకు తెలిసింది అంతే, నా పగకు అది చాలు.

పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక రోజు అన్నయ్య లేచి నిలబడి మాట్లాడాడు. "కిందటేడు నేనే చూశానండీ. షుగర్ నార్మల్. ఏ రిపోర్టులోనూ ఏమీ లేదు. దేవుడి చిత్తానికి మనం ఎదురు చెప్పగలమా?" అన్నాడు. జనం తలలూపారు. రెండు కాగితాలూ నా హ్యాండ్‌బ్యాగ్‌లో, నా ఒళ్లోనే ఉన్నాయి. లేచి చదవాలనిపించింది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ తర్వాత పాస్టరు గారు క్షమాపణ గురించి చెప్పారు. నేను సీలింగుకు ఎన్ని ఫ్యాన్లున్నాయో లెక్కపెట్టాను. పన్నెండు.

అంతటి మనిషీ ఒక రోజు నా చేతికి చిక్కాడు. అన్నయ్య ఏటా తన రక్తం నా దగ్గరే ఇచ్చేవాడు. "మా చెల్లి చెయ్యి తేలిక" అని అందరికీ చెప్పేవాడు కూడా. తమ్ముడు పోయిన మూడు నెలలకు ఫోన్ చేశాడు. "బుధవారం వస్తానమ్మా. ఇవాళ్టి నుంచీ రొట్టెల మీదే ఉన్నా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి. డాక్టరు కూడా పరీక్షకు చదువుకునే వస్తున్నాడు!

పరగడుపు చక్కెర నూట రెండు వచ్చింది. "పర్లేదు, బోర్డర్లో పాస్" అని ఆయనే నవ్వుకుని వెళ్లాడు. గొట్టంలో ఆయన రక్తం ఇంకా మిగిలి ఉంది. అడగకుండా ఒకరి రక్తాన్ని ఇంకో పరీక్షకు వాడకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. అవన్నీ తెలిసే కాగితం మీద చుక్క వేశాను. తెరమీద అంకెలు వచ్చాయి. తమ్ముడివే అనుకున్నాను ఒక్క క్షణం. వాడికంటే ఎత్తున ఉన్నాయి.

నా మొదటి ఆలోచన ఏమిటో నిజం చెబుతాను. అయ్యో అనిపించలేదు. దేవుడు నా చేతికి కర్ర అందించాడు అనుకున్నాను. నేను ఆయనకు చెయ్యాల్సిందేమీ లేదు. ఆయన నాకు చెప్పినట్టే చేస్తే చాలు. నేను రక్తం తియ్యాలి, చదవడానికి వాళ్లున్నారు. ఇంకో మూడేళ్లో, ఐదేళ్లో రొట్టెలు తిని పాసవుతూనే ఉంటాడు. ఆ తర్వాత ఏ ఆదరణ కూడికలోనో నేను లేచి నిలబడి, ఏ రిపోర్టులోనూ ఏమీ లేదండీ అంటాను. ఈ మాటను ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. బస్సులో అనుకున్నాను, అంట్లు తోముతూ అనుకున్నాను, ప్రార్థనలో కళ్లు మూసుకుని అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ నోట్లో బెల్లం పెట్టుకున్నంత హాయిగా ఉండేది.

కాగితం బీరువాలో చీరల కింద పెట్టాను, తమ్ముడి రెండు కాగితాలతో పాటు. ఆదివారాలు వడ్డన మొదలుపెట్టాను.

ఊరికే నోరు మూసుకోవడం నాకు సరిపోలేదు. నెయ్యి గిన్నె ఆయన పక్కనే పెట్టేదాన్ని. మటన్ కూరలో కొవ్వు ముక్కలు ఏరి ఆయన కంచంలో వేసేదాన్ని. పలావు, రొయ్యల వేపుడు, పైన పాయసం. "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెడితే, "నా మీద ఒట్టు అన్నయ్యా, ఈ ఒక్క గరిటె" అనేదాన్ని. మా వైపు వడ్డించే ఆడదాన్ని ఎవరూ అనుమానించరు. తిననివాడిదే తప్పు. అన్నయ్య కూర్చోగానే తనే ప్రార్థన చేసేవాడు. ఆహారం కోసం స్తోత్రం చెప్పి, వడ్డించే చేతుల్ని దీవించమని అడిగేవాడు. నేను ఆ చేతుల్తోనే ఆమెన్ అని నెయ్యి గిన్నె అందుకునేదాన్ని. ఆయన పొట్ట మెల్లగా పెరుగుతుంటే నాకు కనిపించేది. మెట్లెక్కితే ఆయాసపడటం కనిపించేది. "నీ చేతి వంటేనే ఇది" అని తనే పొట్ట తట్టుకునేవాడు. నేను సిగ్గుపడ్డట్టు నవ్వేదాన్ని.

అలా వేసవి పోయింది, వానలు పోయాయి, క్రిస్మస్ పోయింది. గుణదల కొండ మీద తిరునాళ్ల రద్దీ మొదలైన వారంలో తమ్ముడు పోయి ఏడాది దగ్గరపడింది. వాడి ఏడాది కూడికకు కట్టుకోవడానికి అమ్మ తన తెల్లచీర కోసం బీరువా వెతికింది. అది నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు. ఇంటికొచ్చాక చీర దొరికిందా అని అడిగితే దొరికిందంది. బీరువా తాళం నా చేతిలో పెట్టింది. అమ్మ ఎనిమిదో తరగతి చదివింది. అంకెలు తెలుసు, పేర్లు చదవడం తెలుసు. తారీఖులు కూడా చదువుతుంది.

ఆ ఆదివారం అన్నయ్య వచ్చాడు. ప్రార్థన అయింది. నేను పలావు గరిటెతో వెళ్లాను. మొదటిసారి వేశాను. రెండోసారి వెళ్లాను. అన్నయ్య వద్దు వద్దంటూనే కంచం కొంచెం ముందుకు జరిపాడు. ఎదురుగా కూర్చున్న అమ్మ లేచింది. తన ఎడమ చెయ్యి చాచి ఆయన కంచం మీద బోర్లా పెట్టింది. కూర మరక అంటింది, తియ్యలేదు.

"చాలు" అంది నాతో.

"ఏంటి పిన్నీ, తిననీ" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

అమ్మ ఆయన్ని చూడలేదు. నన్నే చూస్తూ అంది: "వాడికి నేనూ ఇలాగే మారు పెట్టానే. షుగర్ పాసయ్యాడని రెండు గిన్నెల పాయసం తాగించాను. నేను ప్రేమతో పెట్టాను, నువ్వు పగతో పెడతన్నావ్. కంచంలో పడ్డాక రెండూ ఒకటేగా?"

గరిటె నా చేతిలోనే ఉంది. అమ్మ కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తొమ్మిది నెలలుగా నేను ఎవరి కొడుకు మీద పగబట్టి ఎవరి కొడుకు చావును మళ్లీ వండుతున్నానో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అయినా కసి పోలేదు. సిగ్గు వచ్చినంత మాత్రాన కసి లేచి దారివ్వదు.

"ఆ కాగితాలు తీసుకురా" అంది అమ్మ.

తెచ్చాను. తమ్ముడివి రెండు, ఆయనది ఒకటి. కంచం పక్కన పరిచాను. అన్నయ్య కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేత్తో కళ్లజోడు పెట్టుకున్నాడు. తన పేరు చూశాడు. ఎప్పుడు చేశావని గానీ, ఎవర్నడిగి చేశావని గానీ అడగలేదు. ఒక అంకె మీద వేలు పెట్టి, తమ్ముడి కాగితంలో అదే వరస మీదికి వేలు జరిపాడు.

నెలల తరబడి దాచుకున్న మాట నా నోటి చివర ఉంది. ఆపుకోలేదు. "పప్పు ఎక్కువ తిన్నావేమో అన్నయ్యా. ఉయ్యాల వేయించనా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అంటే ఎంత తృప్తిగా ఉంటుందో అనుకున్నాను. తృప్తిగానే ఉంది, అబద్ధం చెప్పను. కాకపోతే మనసులో అనుకున్నప్పుడు ఉన్నంత సేపు లేదు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం చూశాక ఆ బెల్లం కరిగిపోయింది.

అన్నయ్య కాగితం మీద నుంచి వేలు తీసి అన్నాడు: "ఆ రోజు వాడి కాగితం నేను చదవలేదే. నీ మొహం చూసి నవ్వాను. కాగితం చూడనే లేదు."

చదివి పొరబడ్డాడని ఇంతకాలం అనుకున్నాను. చదవనే లేదు. నాకు మళ్లీ మొదటి నుంచి మంట మొదలైంది. గరిటె గిన్నెలో పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ నిలబడి ఏడ్చాను, తమ్ముడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "మిగతా పరీక్షలన్నీ చేయించుకుంటా. ఎప్పుడు రమ్మంటావ్? ఒక రెండు రోజులు ముందు చెప్పు..." అని, తను ఏమంటున్నాడో తనకే వినపడి ఆగిపోయాడు.

"చెప్పను" అన్నాను.

చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆరున్నరకే సంచి తగిలించుకుని పటమటలో వాళ్లింటి తలుపు కొట్టాను. ఆయన బనీనుతో వచ్చి తలుపు తీశాడు. చూడగానే అర్థమైనట్టుంది, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. ఇంకా కాఫీ కూడా తాగలేదన్నాడు.

ఆ తర్వాత ఏమైందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మూడు నెలల సగటు గీత దాటేసింది. గుండె పరీక్షలో ఒక చోట పూడిక కనిపించింది, సమయానికి చూసుకున్నారు. ఇప్పుడు మాత్రలు మింగుతున్నాడు, నడుస్తున్నాడు, కంచంలో సగం కూరగాయలే. క్లినిక్‌కు వచ్చినవాళ్లను పరగడుపు షుగర్ ఒక్కటే చూసి పంపడం మానేశాడని విన్నాను. మిగిలిన రక్తాన్ని ఏం చేశానో మేడమ్‌కు నేనే చెప్పాను. ఆవిడ నన్ను ఆ మిషన్ దగ్గర నుంచి తప్పించి రక్తం తీసే కుర్చీ దగ్గరికే పరిమితం చేశారు, అది న్యాయమే. అన్నయ్య బతికే ఉన్నాడు. ఆయన్ని బతికించిన పరీక్షలు నా తమ్ముడి కోసం నేను అడిగినవే. ఆదివారాలు ఇప్పటికీ వస్తాడు. ఒక్కసారే వడ్డిస్తాను.

ఆ పొద్దున వాళ్లింట్లో అన్నయ్య చేతికి పట్టీ కట్టి, దూదితో తుడిచి, వేలితో నరం వెతికాను. వెంటనే దొరికింది. సూది చేతిలోకి తీసుకున్నాను. అన్నయ్య తల పక్కకు తిప్పుకుని ఎదురు చూస్తున్నాడు. ఏటా వినే మాట కోసం.

"చీమ కుట్టినట్టుంటుందని అనవేంటే?" అన్నాడు చిన్నగా.

ఇరవై రెండేళ్లలో ఆ మాట అనకుండా ఒక్కరికీ సూది గుచ్చలేదు. ఆయనకు అనకుండానే గుచ్చాను.